ఎల్బీనగర్ గదిలో ఇద్దరు

2025 అక్టోబరు పదిహేడు, శుక్రవారం, ఉదయం పదకొండు గంటలు. ఠాణా వెనుక గదిలో ఉన్నవారు నలుగురు: దర్యాప్తు అధికారి ఇన్‌స్పెక్టర్ భిక్షపతి, హత్యానేరంపై క్రితం సాయంత్రం అరెస్టయిన టవర్ టెక్నీషియన్ శాంసన్, అతని తల్లి లింగమ్మ, ఆమె బతిమాలగా వచ్చిన ప్రైవేటు డిటెక్టివ్ విజయదుర్గ. ఐదో వ్యక్తి బల్ల మీద ఫొటో రూపంలో ఉన్నాడు. పేరు శ్రీకర్. సెల్ టవర్ల సంస్థలో నెట్‌వర్క్ ఆడిటర్. మంగళవారం మధ్యాహ్నం రెండు ముప్పావుకు దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక కోచింగ్ భవనం డాబా మీద నుంచి పడి మరణించాడు. పడడానికి ముందే తల వెనుక బలమైన దెబ్బ తగిలిందని పోస్టుమార్టం తేల్చింది.

"ఐదింటికి మేజిస్ట్రేటు ముంగట పెట్టాలె," అన్నాడు భిక్షపతి. "రిమాండ్ రిపోర్టు టైపైంది. మీరొచ్చిన్రు గాబట్టి చాయ్ తాపిస్త, దుర్గమ్మా. అంతకుమించి నా దగ్గర ఏం లేదు."

"చాయ్ వద్దండీ. ఆ రిపోర్టులో ఉన్నది ఒక్కసారి నోటితో చెప్పండి, చాలు."

"నోటితోని ఎందుకు? చదువుకున్నోళ్లు గదా."

"కాగితం మీద అన్ని వాక్యాలూ ఒకే ధైర్యంతో ఉంటాయి. మీరు చెబుతుంటే ఎక్కడ ఆగుతారో తెలుస్తుంది."

భిక్షపతి కుర్చీ వెనక్కి జరిపి, ఎక్కడా ఆగకూడదన్న పంతంతో చెప్పుకుపోయాడు. దిల్‌సుఖ్‌నగర్ డాబా మీద ఒక టవర్ గది ఉంది. ఎల్బీనగర్‌లో మరో భవనం మీద అలాంటిదే ఇంకొకటి. రెండింటి తాళాలూ ఉన్నది ఇద్దరి దగ్గరే: శాంసన్, అతని పై అధికారి గౌతమ్. హత్య జరిగిన సమయంలో ఎల్బీనగర్ గదిలో ఉన్నానని శాంసన్ అంటాడు. ఎల్బీనగర్ గదిలోనే ఉన్నానని గౌతమ్ కూడా అంటాడు. ఒంటరిగా ఉన్నామని ఇద్దరూ ప్రమాణం చేస్తారు.

"పది అడుగుల గది. ఇద్దరున్నరు, ఒకన్నొకడు చూడలే. అయితే ఒకడు దయ్యమన్న కావాలె, ఒకడు అబద్ధమన్న ఆడాలె. ఎవడు ఆడిండో తలుపే చెప్పింది." టవర్ కంపెనీ కంట్రోల్ రూము ఇచ్చిన అలారం కాగితం ఆమె ముందుకు తోశాడు. "తలుపు తెరిస్తే చాలు, లోపలున్న రౌటర్ కంట్రోల్ రూముకు కబురు వంపుతది. మంగళవారం దిల్‌సుఖ్‌నగర్ తలుపు రెండు ఇరవైకి తెరుచుకుంది, మూడు ఇరవైకి మూసుకుంది. ఎల్బీనగర్ తలుపు రెండున్నరకు తెరుచుకుంది, మూడుకు ఐదు తక్కువకు మూసుకుంది. గౌతమ్ చెప్పిన టైం గదే. లెక్క కుదిరింది."

"ఫోన్లు?"

"గౌతమ్ ఫోన్ ఎల్బీనగర్‌లనే ఉంది. మీవాని ఫోన్ పొద్దంత ఆఫీసులనే. తెలివిగల్లోడు, ఫోన్ ఇడిసిపెట్టి పోయిండు."

"నేను ఇడిసిపెట్టలే మేడం," అన్నాడు శాంసన్. రాత్రంతా నిద్ర లేక అతని కళ్లు ఎర్రబడి ఉన్నాయి. "గౌతమ్ సారే పెట్టిపొమ్మన్నడు. కొత్త యాప్ ఎక్కిస్త, నువ్వు ఎల్బీనగర్ పోయి బ్యాటరీలు చూసిరా అన్నడు."

"గౌతమ్ గట్ల అన్లేదంటుండు," అన్నాడు భిక్షపతి.

"అయ్యా, ఈడు కోడిని కోస్తెనే బయటికి ఉరుకుతడు," అంది లింగమ్మ. "మనిషిని ఎట్ల దొబ్బుతడు? బాలాపూర్‌ల మా కిరాయి ఇంటాయన పొద్దుగాలనే సామాను తీస్కపొమ్మన్నడు. ఇయ్యాల జైలుకు పోతే రేపు వీనికి నౌకరి ఎవడిస్తడు?"

విజయదుర్గ ఆమె చేతిమీద చెయ్యి వేసి, శాంసన్ వైపు తిరిగింది. "శ్రీకర్‌తో సోమవారం గొడవ పడ్డావట?"

"పడ్డ మేడం. దిల్‌సుఖ్‌నగర్ రౌటర్‌ల నాలుగు వైర్లే ఉండాలె, ఐదోది ఎవడు పెట్టిండని తిట్టిండు. నాకేమెర్క సార్ అన్న. కాలర్ వట్టిండు. నేను గూడ వట్టిన."

"ఎల్బీనగర్ గదిలోకి ఎన్నింటికి వెళ్లావు?"

"రెండు ఇరవై."

"బయటికి?"

"మూడు ఇరవై ఉంటది. మూడింటికి కరెంటు వోయింది. జనరేటర్ ఎత్తుకునేదాక చూసిన, మళ్ల కరెంటొచ్చినంక తాళమేసిన."

ఆమె చూపు అలారం కాగితం మీదికి మళ్లింది. అందులో మూడు గంటలకు కరెంటు పోయినట్టు నమోదై ఉంది. కానీ దిల్‌సుఖ్‌నగర్ పేరు మీద.

"సూసిన్రా? దిల్‌సుఖ్‌నగర్‌ల కరెంటు వోయింది గీనికెట్ల తెల్సు?" అన్నాడు భిక్షపతి. "ఆడున్నడు గాబట్టి తెల్సు."

"ఆగారు, భిక్షపతి గారూ."

"ఏడ?"

"ఇప్పుడే. అబద్ధమాడేవాడు చోటు ఒక్కటే మార్చి, వచ్చిన సమయం, పోయిన సమయం, కరెంటు పోయిన సమయం మాత్రం తనను ఉరితీసే కాగితానికి సరిపోయేట్టు చెబుతాడా? ఈ కాగితం ఇతను చూడలేదు కదా?"

భిక్షపతి కాగితాన్ని వెనక్కి లాక్కున్నాడు. "సూడలే."

"దిల్‌సుఖ్‌నగర్ గదికి మీరు సీలు వేశారు. ఈరోజే మళ్లీ తెరవాలి. పంచనామా రాయించండి. గౌతమ్‌ని కూడా పిలిపించండి. నేను పొరబడితే ఐదింటికి మీ రిపోర్టు మీ చేతిలోనే ఉంటుంది."

"మీరు పొరబడితే, రేపటికెల్లి నా ఠాణా మెట్లు ఎక్కొద్దు."

"ఒప్పుకున్నాను."

*

కోచింగ్ భవనం లిఫ్టు పక్కన స్టూలు మీద కూర్చునే వాచ్‌మన్ భార్య ఈరమ్మను విజయదుర్గ అడిగింది ఒక్కటే ప్రశ్న: మంగళవారం మధ్యాహ్నం కరెంటు పోయిందా?

"పోలే. పోతే నా చెవులు దక్కునా? లిఫ్టుల ఇరికిన పోరలు పోరిలు ఒక్కటే లొల్లి వెడ్తరు. ఆ సారు పడ్డప్పుడు, పడ్డంక గూడ లిఫ్టు నడుస్తనే ఉండె. పోలీసోళ్లు గూడ లిఫ్టులనే పైకి వోయిన్రు. అడుగు నీ పక్కకున్న సారునే."

భిక్షపతి గొంతు సవరించుకున్నాడు. నిజమే, అతను మూడింటికి లిఫ్టులోనే పైకి వెళ్లాడు. ముందు నాలుగో అంతస్తు తరగతి గదుల్లో విచారించి, డాబా ఎక్కేసరికి మూడున్నర దాటింది.

డాబా మీద గౌతమ్ అప్పటికే నిరీక్షిస్తున్నాడు. ముప్పై ఐదేళ్లుంటాయి. ఇస్త్రీ చొక్కా, మెడలో గుర్తింపు కార్డు, తొణకని మాట. పంచులుగా, అంటే పంచనామా సాక్షులుగా, ఈరమ్మనూ, నాలుగో అంతస్తులో పాలిటీ పాఠం చెప్పే ఒక లెక్చరర్‌నూ నిలబెట్టి, భిక్షపతి సీలు తెంచి తలుపు తెరిచాడు. లోపల బ్యాటరీల వరుస, ఏసీ హోరు, ఇనుప రాక్‌లో చిన్న బూడిదరంగు రౌటర్.

"నాకు అర్థమయ్యేట్టు చెప్పండి గౌతమ్ గారూ. ఇదేం చేస్తుంది?"

"సింపుల్ మేడం. కిందికి వెళ్లే ఫైబర్ ఒకటే. అందులో నాలుగు వీపీఎన్‌లు నడుస్తాయి. ఫోన్ మాటలకి ఒకటి, ఇంటర్నెట్‌కి ఒకటి, టవర్లన్నిటికీ ఒకే టైం అందించడానికి ఒకటి, ఈ గదిని మేం దూరం నుంచి కనిపెట్టి ఉండడానికి ఒకటి. దేని ఐపీ అడ్రసులు దానివే. ఒకే ఇంట్లో నాలుగు వాటాలనుకోండి. ఎవరి గుమ్మం వాళ్లది. ఒకరి వంట వాసన ఇంకొకరికి రాదు."

"తలుపు తెరుచుకున్న కబురు?"

"నాలుగోదాంట్లో వెళ్తుంది."

"ఏ పేరుతో? గది పేరుతోనా, రౌటర్ పేరుతోనా?"

గౌతమ్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "రెండూ ఒకటే కదా మేడం."

"ఆ పేరు రౌటర్‌లోకి ఎక్కించేది ఇక్కడేనా?"

"స్టోర్‌లోనే. పేరు, అడ్రసులు అన్నీ ఎక్కించి, పెట్టె మీద స్టిక్కర్ వేసి పంపుతారు. ఇక్కడ మేం వైర్లు పెట్టడమే."

ఆమె వంగి రౌటర్ పక్క భాగాన్ని టార్చి వెలుగులో చూసింది. స్టిక్కర్ ఉంది, కానీ దాని మీద అక్షరాలు లేవు. పసుపు తడికి సిరా అలుక్కుపోయింది. దాని మీద మూడు వేళ్లతో గీసిన గంధం, మధ్యలో ఎండిన కుంకుమబొట్టు.

"దసరా పూజ చేశారన్న మాట."

"మా స్టోర్‌లో ప్రతి ఏడూ చేస్తాం. దసరా మర్నాడు బిగించాల్సిన రౌటర్లు రెండున్నాయి, వాటినీ పీట మీద పెట్టాం. ఆయుధపూజ కదా, స్క్రూడ్రైవర్ని వదిలిపెట్టం, దీన్నెలా వదిలేస్తాం?"

"రెండో రౌటర్ ఎక్కడిది?"

"ఎల్బీనగర్‌ది."

"బొట్టు పెట్టింది ఎవరు?"

"నేనే. శాంసన్ వాళ్లు పూజలో కూర్చోరు కదండీ. దూరంగా నిలబడ్డాడు."

"మర్నాడు స్టిక్కర్లు చదవడానికి రానప్పుడు, ఏది ఎక్కడిదో చెప్పింది ఎవరు?"

గౌతమ్ ఈసారి భిక్షపతి వైపు చూశాడు. "గుర్తులేదు మేడం. శాంసన్‌కే తెలియాలి."

విజయదుర్గ ఆ సమాధానాన్ని వెంటాడలేదు. రౌటర్ ముందు భాగంలో వైర్లు చూసింది. నాలుగింటికి ప్లాస్టిక్ చీటీలు కట్టి ఉన్నాయి. ఐదోదానికి లేదు. నల్లటి ఆ వైరు రాక్ వెనుకగా దిగి, గోడకు వేసిన రంధ్రంలోంచి వానగొట్టం వెంట కిందికి పోయింది.

"ఇది ఎవరి గుమ్మం?"

"టెస్టింగ్ కోసం మేడం. తీసేస్తాం."

"తొందరేం లేదు." ఆమె నడుం నిటారుగా చేసి, అవసరానికి మించి కాస్త గట్టిగా అంది: "ఇన్‌స్పెక్టర్ గారూ, ఇక్కడ చూడాల్సింది అయిపోయింది. భోంచేసి మూడింటికి ఎల్బీనగర్ గది చూద్దాం. దాన్నీ ఇలాగే తెరిపించాలి."

గౌతమ్‌కు ఆఫీసులో సమీక్ష ఉన్న సంగతి సరిగ్గా అప్పుడే జ్ఞాపకం వచ్చింది. నమస్కారం పెట్టి, మెట్ల మీదుగా వడివడిగా దిగిపోయాడు.

"ఏంది మీరు చేసింది?" భిక్షపతి ముఖం కందగడ్డలా అయింది. "మాట తడవడుతుంటే పట్టుకోవాలె. సాగనంపుడేంది? మీరు నవలలు రాస్తున్రా, దర్యాప్తు చేస్తున్రా?"

"దేని మీద పట్టుకుంటారు? కుంకుమ మీదా? ఇప్పటిదాకా నా దగ్గర ఉన్నది అనుమానం. అది సాక్ష్యం కావడానికి రెండు నిమిషాలు కావాలి. ఆ తలుపు మూయండి."

మూశాడు. విజయదుర్గ కంట్రోల్ రూముకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. డ్యూటీలో ఉన్న ఇంజనీరు పేరు సాధన.

"సాధన గారూ, మేం దిల్‌సుఖ్‌నగర్ గది బయట ఉన్నాం. మీ తెర చూస్తూ ఉండండి. భిక్షపతి గారూ, ఇప్పుడు తెరవండి."

తలుపు కిర్రుమంది.

"తెరిచిన్రా మేడం?" అంది సాధన.

"తెరిచారు. ఏం కనిపిస్తోంది?"

"దిల్‌సుఖ్‌నగర్‌ల ఏం లేదు. తలుపు మూసే ఉన్నట్టు చూపిస్తుంది." మౌస్ నొక్కిన చప్పుడు. "ఆగండి ఆగండి. ఎల్బీనగర్ తలుపు తెరుచుకున్నట్టు ఒచ్చింది. ఆడ గూడ ఎవరన్న ఉన్నరా?"

భిక్షపతి తలుపు మూశాడు. "ఎల్బీనగర్ మూసుకుంది," అంది సాధన. తెరిచాడు. "ఎల్బీనగర్ తెరుచుకుంది." మూశాడు. మరోసారి తెరిచాడు. నాలుగోసారికి అతని చెయ్యి గడియ మీదే ఉండిపోయింది.

"గిదేం లెక్క?" అన్నాడు చివరికి, ఎవరినీ ఉద్దేశించకుండా.

"రెండు రౌటర్లూ ఒకదాని చోట ఒకటి బిగించారు," అంది విజయదుర్గ. "ఇక్కడున్నది ఎల్బీనగర్ పేరు పెట్టుకున్న రౌటర్. అక్కడున్నది దిల్‌సుఖ్‌నగర్ పేరుతో ఉన్నది. రెండు వారాలుగా ఏ గది కబురైనా రెండో గది పేరు మీదే వెళ్తోంది."

"మరి ఫోన్లెట్ల నడుస్తున్నయి? రెండు వారాలు ఎవ్వనికి తెల్వలేదా?"

జవాబు ఫోన్‌లోంచి వచ్చింది. "నడుస్తయి సార్. ఫోన్ సిగ్నల్ ఇచ్చే పెట్టె వేరే. అది తన నంబర్ తనే చెప్పుకుంటది, ఏ రౌటర్‌కు తగిలించినా మా సిస్టమ్ గుర్తువట్టి అడ్రస్ ఇస్తది. తలుపు, కరెంటు, గీ రెండు అలారాలే రౌటర్ పేరు మీద ఒస్తయి. వాటినెవరు అంతగనం చూస్తరు?"

భిక్షపతి తన అలారం కాగితాన్ని జేబులోంచి తీశాడు. రెండు చోట్ల పేర్లనూ వేలితో అటూ ఇటూ మార్చుకుంటూ చదివాడు. రెండు ఇరవై నుంచి మూడు ఇరవై వరకు తెరిచి ఉన్నది ఎల్బీనగర్ తలుపు. లోపల శాంసన్. కరెంటు పోయింది అక్కడ. రెండున్నరకు తెరుచుకుని, మూడుకు ఐదు నిమిషాల ముందు మూసుకున్నది ఈ తలుపు.

"గౌతమ్," అన్నాడు.

"కారూ, అందులో ఫోనూ ఎల్బీనగర్ మెట్రో కింద వదిలేసి రైలెక్కి ఉంటాడు. మూడు స్టేషన్లు. రౌటర్లు తారుమారైన సంగతి అతనికి ముందే తెలుసు. శాంసన్ ఫోన్ ఆఫీసులో ఉంచేసి, వాణ్ణి ఎల్బీనగర్ గదిలో గంట సేపు కూర్చోబెట్టాడు. ఈ కాగితం మిమ్మల్ని శాంసన్ దగ్గరికి చేర్చేట్టు తనే ఏర్పాటు చేశాడు."

"శ్రీకర్‌ను ఎందుకు చంపాలె?"

"సాధన గారూ, ఈ రౌటర్‌లో ఎన్ని వీపీఎన్‌లు ఉన్నాయి?"

కీబోర్డు చప్పుడు వినిపించింది. "నాలుగు ఉండాలె మేడం… ఐదున్నయి. ఐదోది మేం పెట్టింది కాదు. దాంట్లకెల్లి మస్తు ట్రాఫిక్ పోతుంది. అన్నీ మా కంపెనీ అడ్రసులతోనే బయటికి పోతున్నయి."

భిక్షపతి పిట్టగోడ మీదుగా వంగి నల్ల వైరు పోయిన దారి చూశాడు. వానగొట్టం వెంట అది మూడో అంతస్తు కిటికీలోకి దూరింది. ఆ కిటికీకి లోపలి నుంచి నల్ల కాగితం అంటించి ఉంది.

"మూడో అంతస్తు ఎవరిదమ్మా?" అని ఈరమ్మను అడిగాడు.

"స్టడీ హాల్ అని బోర్డు వెట్టిన్రు. చదివెటోడు ఒక్కడు రాడు. లోపలకెల్లి పొద్దుమాపు ఫోన్ల మాట్లాడుడే. హిందీల బెదిరిస్తుంటరు. గదేం చదువో!"

లెక్చరర్ నవ్వబోయి, ఇన్‌స్పెక్టర్ ముఖం చూసి మానుకున్నాడు. లోన్ యాప్ బెదిరింపుల మీద తన ఠాణాకు వచ్చిన ఫిర్యాదులు భిక్షపతికి గుర్తొచ్చాయి. కాల్స్ ఎక్కడి నుంచో పట్టలేకపోయారు. అడ్రసు వెతికిన ప్రతిసారీ అది టవర్ కంపెనీ దగ్గరే ఆగిపోయేది. ఆ కంపెనీ తరఫున వచ్చి, మా దగ్గర ఏమీ లేదని సంతకం చేసి పోయినవాడు గౌతమే. శ్రీకర్ సోమవారం పట్టుకున్న ఐదో వైరు ఇదే.

"రాయి," అన్నాడు కానిస్టేబుల్‌తో. డాబా మీదే బల్ల వేసి పంచనామా మొదలైంది. విజయదుర్గ ఒక్కో వాక్యాన్నీ సరిచూస్తూ చెప్పింది: తలుపు నాలుగుసార్లు తెరవబడింది, పంచుల సమక్షంలో, నాలుగుసార్లూ కంట్రోల్ రూములో ఎల్బీనగర్ పేరే కనిపించింది. 'సుమారు' అన్న మాట రాస్తే కొట్టేయించింది. 'అనిపించింది' అని రాస్తే 'వినిపించింది' అని మార్పించింది.

ఈరమ్మ వేలిముద్ర వేసింది. లెక్చరర్ సంతకం చేశాడు. ఇక మిగిలింది భిక్షపతి. అతను కలం తెరిచాడు. అప్పుడే విజయదుర్గ ఫోన్ మోగింది.

"మేడం, మళ్ల టెస్ట్ చేస్తున్నరా?" సాధన గొంతులో తొట్రుపాటు. "దిల్‌సుఖ్‌నగర్ తలుపు తెరుచుకుంది."

వాళ్ల ఎదురుగా దిల్‌సుఖ్‌నగర్ తలుపు తాళం వేసి ఉంది.

"ఎల్బీనగర్!" భిక్షపతి వాకీటాకీ అందుకున్నాడు. పెట్రోలింగ్ బండిని ఆ భవనానికి మళ్లించాడు. విజయదుర్గ కనురెప్ప వేయకుండా ఫోన్ వైపే చూస్తోంది. తాను గట్టిగా పలికిన మాట అతణ్ణి అక్కడికే తీసుకుపోతుందని ఆమెకు తెలుసు. వెళ్లి పేర్లు సరిచేయబోతాడని, పట్టుబడతాడని ఊహించింది.

"మేడం… దిల్‌సుఖ్‌నగర్ రౌటర్ పోయింది. మొత్తం డౌన్. ఏం కనవడ్తలేదు."

ఇది ఆమె ఊహలో లేదు.

కాసేపటికి వాకీటాకీలో పెట్రోలింగ్ కానిస్టేబుల్ గొంతు గరగరలాడింది: తలుపు తెరిచే ఉంది సార్. మనిషి లేడు. మిషన్ సుత్తెతోని పలగ్గొట్టిండు. కారు మెట్రో కిందనే ఉంది, ఫోన్ అందులనే ఉంది.

భిక్షపతి వాకీటాకీని బల్ల మీద పెట్టాడు.

"తప్పు నాది," అంది విజయదుర్గ. "పేర్లు మారుస్తాడనుకున్నాను. పగలగొడతాడనుకోలేదు. రెండో రౌటర్ లేకపోతే ఈ పరీక్షను ఎల్బీనగర్‌లో కూడా చేసి చూపించలేం. ఇది ఒక్కటే తారుమారైందని కోర్టు అనుకున్నా, అక్కడ ఏ పేరు ఉండేదో చెప్పే వస్తువు ఇక లేదు."

భిక్షపతి తన ముందున్న కాగితం వైపు చూశాడు. డాబా మీద ఆ మధ్యాహ్నం చేసిన పరీక్షకు రాతలో మిగిలిన సాక్ష్యం అదే. కింద పంచుల సంతకాల పక్కన ఒక ఖాళీ. అక్కడ సంతకం పడితే, పొద్దున విలేకరుల ముందు శాంసన్‌ను నిలబెట్టి తాను చెప్పిన ప్రతి మాటా తన చేతిరాతతోనే తప్పవుతుంది. పడకపోతే, ఐదింటికి టైపు చేసిన రిపోర్టు సిద్ధంగానే ఉంది. పై అధికారి నుంచి అప్పటికే రెండుసార్లు ఫోన్ వచ్చింది.

"దుర్గమ్మా, నేను సంతకం పెట్టకుంటే?"

"పెట్టలేదని కోర్టులో చెబుతాను. మీరు పరీక్షే జరగలేదంటారు. ఈరమ్మ గారు జరిగిందంటారు. ఆవిడ మాటకెంత విలువిస్తారో మీకూ తెలుసు, నాకూ తెలుసు. వాడు జైలుకు పోతాడు."

"గౌతమ్ దొరికితే?"

"దొరికితే. మీరు ఇప్పుడు ఆగింది ఆ మాట దగ్గరే, భిక్షపతి గారూ."

"సారూ," అంది ఈరమ్మ, "నాలుగుసార్లు తెరిచింది నీ చెయ్యే గదా. నా వేలిముద్ర వడ్డది, నీదెందుకు వడదు?"

భిక్షపతి ఆమె వైపు చూశాడు. కాగితాన్ని తన వైపు తిప్పుకున్నాడు. వంగి, పూర్తి పేరు, హోదా, తేదీ, సమయం రాశాడు. కింద సంతకం చేశాడు. కలం మూత పెట్టి, "నాలుగు దాటింది. కోర్టుకు నా జీపుల నడువున్రి," అన్నాడు. "మూడో అంతస్తుకు మా పిలగాండ్లు పోతరు. గౌతమ్ సంగతి నేను సూస్కుంట."

ఇంకా ఆరని సిరా మీద విజయదుర్గ నెమ్మదిగా ఊదింది. కాగితాన్ని నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి మడిచి, చేతిసంచి లోపలి అరలో పెట్టి జిప్పు వేసింది.